సిలిండర్ భూమన్న గాలి లెక్క

మా బావ భూమేశ్‌కు ఎవరు ఎదురైనా "బాగున్నవా" అనే అలవాటు లేదు. "నీ దగ్గర గాలి ఎంతున్నది?" అంటాడు. పెళ్లిలో అంటాడు, బస్టాండులో అంటాడు, చావింటికి పరామర్శకు వెళ్లి ఏడుస్తున్న కొడుకు భుజం మీద చెయ్యి వేసి కూడా అదే అంటాడు. అడిగి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. జవాబు అంకెల్లో చెప్పాలి. రెండు వందలంటే నిండుగా ఉన్నట్టు, యాభై అంటే అయిపోవచ్చినట్టు. ఏదో ఒక అంకె చెప్పేదాకా మనిషిని వదలడు.

బాన్సువాడలో నాకు ఎరువుల దుకాణం ఉంది. ఒకసారి పిట్లం నుంచి యూరియా కోసం ఒక రైతు వచ్చాడు. బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"పటేలా, గాలి ఎంతున్నది?"

పాపం ఆ రైతు తన బండి దగ్గరికి వెళ్లి రెండు టైర్లూ నొక్కి చూసుకుని వచ్చాడు. "నిన్ననే కొట్టించిన అన్నా."

"టైర్ల గాలి కాదు, నీ గాలి."

రైతు నా వైపు చూశాడు. నేను యూరియా బస్తాల వైపు చూశాను. అతను ఆ తర్వాత పక్క దుకాణంలో కొనడం మొదలుపెట్టాడు. అలా నా గిరాకీ ఎంత పోయిందో ఆ దేవుడికే తెలియాలి!

ఈ పిచ్చి మస్కట్‌లో పట్టుకుంది. బావ అక్కడ సముద్రంలో మునిగి చేపలనూ పగడాలనూ చూసేవాళ్లకు గాలి సిలిండర్లు నింపే పని చేశాడు. నింపీ నింపీ చివరికి తనూ దిగడం నేర్చుకున్నాడు. చాలా ఏళ్లు చేసి, ఇల్లు కట్టుకుని, కోటగిరి దగ్గరి పొలం చూసుకుంటానని వచ్చేశాడు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు టీవీ తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. ఈయన మెడలో తాడుకు కట్టుకుని ఒక గుండ్రటి మీటరు తెచ్చాడు. సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపించేది. సిలిండర్ మస్కట్‌లోనే ఉంది కాబట్టి ఆ మీటరు ముల్లు ఎప్పుడూ సున్నా మీదే ఉంటుంది. బావ మాత్రం దాన్ని ఎత్తి, కళ్లు చిట్లించి చూసి, "నూట ఇరవై" అంటాడు.

"బావా, ముల్లు సున్నా మీద ఉంది కదనే!"

"అది నా గాలి చూపెట్టదు బామ్మర్ది."

"మరి ఎవరిది చూపెడ్తది?"

బావ మీటరు చొక్కాలో వేసుకుని వెళ్లిపోతాడు. మా బాన్సువాడ నుంచి సముద్రానికి ఏ దిక్కు వెళ్లాలో కూడా నాకు సరిగ్గా తెలియదు, అలాంటిది రోజూ ఈ సముద్రం గోల నా దుకాణం ముందు!

ఏమన్నా అంటే పాఠం మొదలుపెడతాడు.

"సముద్రంల నీళ్లు ఊకనే ఉండయ్ బామ్మర్ది. నిజాంసాగర్ కాలువ ఇడిసిపెట్టినట్టు ఒక్క దిక్కు ఉరుకుతయ్. మొదటిసారి దిగినప్పుడు నేనేం జేసిన? జోరుకు ఎదురుంగ కాళ్లు కొట్టిన. కొట్టిన కొద్దీ ఆయాసం, ఆయాసపడ్డ కొద్దీ గాలి తాగుడు. నేను ఉన్న కాడనే ఉన్న, సిలిండర్ మాత్రం ఖాళీ!"

"అయితే ఇగ నువ్వు సచ్చిపోయినవా?" అంటాను విసుగ్గా.

"మా జోసెఫ్ సార్ అని కేరళాయన, నా కాలు పట్టి కిందికి గుంజి ఒక బండ చాటుకు తోల్కపోయిండు. గాడ జోరే లేదు! అడుగు పట్టుకొని పోవాలె, బండల చాటున పోవాలె, కాళ్లు శిన్నగ ఆడియ్యాలె. ఊపిరి పొడుగ్గ వదలాలె, బిగపట్టద్దు. నిండుగున్నప్పుడే ఎదురు పోవాలె, గాలి తగ్గినంక జోరు వెంబడి వాపస్ రావాలె. నీళ్లల్ల మాటలుండయ్ కాబట్టి అంతా చేతులతోనే. గాలి తక్కువైతే గిట్ల." అని గుప్పిట బిగించి గుండె మీద రెండుసార్లు ఆనిస్తాడు.

"నేను యూరియా అమ్ముకునేటోన్ని బావా. నాకెందుకివన్నీ?"

"నీకే కావాలె. నువ్వు బండవు."

మొదట్లో దాన్ని తిట్టు అనుకున్నాను. నేను కొంచెం భారీ మనిషిని. కొంచెం అని నేను అంటాను, మిగతావాళ్లు అనరు. బావ ఉద్దేశం ఏమిటో వారపు అంగడిలో తెలిసింది. అంగడి రోజు మా అక్క అరుణమ్మ, బావ కూరగాయలకు వస్తారు. బావ వచ్చి నా దుకాణం షట్టరు సగం దించేస్తాడు.

"పద బామ్మర్ది, నువ్వు ముందు నడువు."

నా వెనక అక్క, అక్క వెనక బావ. ఎదురుగా జనం, సైకిళ్లు, మేకలు, ఆటోలు. అన్నీ నాకే తగలాలి. వెనక నుంచి ఆజ్ఞలు. "జర ఎడమకు! గోడ పట్టు! గోడ కాడ జోరు తక్కువ! ఏందా ఉరుకుడు, శిన్నగ!" ఉన్నట్టుండి, "ఆగుండ్రి! నా గాలి యాభై!" అని అరిచి ఉల్లిగడ్డల కుప్ప ముందు చతికిలబడతాడు. మా వెనక జనమంతా ఒకరి మీద ఒకరు పడతారు.

ఉల్లిగడ్డలమ్మే సోనాబాయి అడిగింది, "కొంటవా అన్నా?"

"కొనను. ఊపిరి తీస్కుంటున్న."

"మొత్తం అంగడి ఇడిసిపెట్టి నా ముంగటనే తీస్కోవాల్నా?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తడకకు ఆనుకుని నిలబడి తిట్టడం మొదలుపెడుతుంది. "సిగ్గు శరం లేదు ఈ మనిషికి. నలుగురిల నగుబాటు. లెవ్వయ్యా!" బావ నవ్వుతూ కూర్చునే ఉంటాడు. అక్క తిట్లు జోరందుకున్నాక మీటరు చూసుకుని, "నూటయాభై. నడువుండ్రి" అని లేస్తాడు. కూర్చుంటే గాలి పెరుగుతుందట! నాకు పిచ్చెక్కినంత పని అయ్యేది.

ఇది చాలదన్నట్టు దూరపు చుట్టం భానుప్రసాద్ ఇంట్లో నిశ్చితార్థం వచ్చింది. ఫంక్షన్ హాలు రెండో అంతస్తులో. మెట్లు ఎక్కుతుంటే మలుపు దగ్గర బావ తువ్వాలు పరిచి కూర్చుని, చెయ్యి అడ్డంగా చాపాడు.

"ఎవరూ ఎక్కద్దు. పైకి పోయేటప్పుడు నడుమ ఆగాలె. లేకపోతే నెత్తురుల బుడగలు లేస్తయ్."

మా వెనక పెళ్లికొడుకు తరఫువాళ్లు పళ్లాలతో నిలబడిపోయారు. నెత్తురు, బుడగలు అనేసరికి పెళ్లికొడుకు మేనత్త అక్కడే కూలబడింది. భానుప్రసాద్ పై నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది భూమన్నా ఇది? ముహూర్తం పోతున్నది!"

"మూడే మూడు నిమిషాలు. మస్కట్‌ల దొరలు సుత ఆగుతరు."

"ఇది మస్కట్టా? ఇది మెట్లు!"

అక్క గోడకు ఆనుకుని, మొహం అటు తిప్పుకుని, "ఈయనను కట్టుకున్నందుకు నాకు ఇదే గతి" అని నిట్టూర్చింది. నిట్టూర్పు కూడా చాలా పొడుగ్గా ఉంది. మూడు నిమిషాలయ్యాక బావ తువ్వాలు దులుపుకుని, ఏమీ జరగనట్టు పైకి ఎక్కి, అందరికంటే ముందు పంక్తిలో కూర్చున్నాడు.

అప్పటికి బాన్సువాడంతా ఆయనకు సిలిండర్ భూమన్న అని పేరు పెట్టేసింది. చెవిలోకి ఉప్పు నీళ్లు పోయి మెదడు నానిందని కొందరు, మస్కట్ ఎండ అని కొందరు. నేను మాత్రం ఊపిరితిత్తుల జబ్బేమో అనుకుని, బలవంతాన నిజామాబాద్ దవాఖానకు తీసుకెళ్లాను. అక్క కూడా వస్తానంది. డాక్టర్ అన్నీ చూసి, "ఈయనవి గుర్రం ఊపిరితిత్తులు. నీ సంగతి చూసుకో ముందు, నువ్వు మెట్లెక్కి వస్తేనే ఈల వినపడుతున్నది" అని నన్ను తిట్టాడు. నేను చిన్నబుచ్చుకుని కిందికి వెళ్లి చాయ్ తాగాను. వాళ్లిద్దరూ చాలాసేపటికి దిగారు. బావ చేతిలో మందుల సంచి ఉంది.

"నీకేం లేదన్నడు కద? గివెందుకు?"

"ఉండనియ్ బామ్మర్ది. నీ గాలి ఎంతున్నది?"

గుర్రం ఊపిరితిత్తులున్న మనిషికి అంగడిలో పది అడుగులకొకసారి గాలి ఎలా అయిపోతుంది? బండి నడుపుతూ దారంతా ఆలోచించాను. రుద్రూర్ మలుపు దగ్గర దాదాపు గేదెను గుద్దాను తప్ప ఏమీ తేలలేదు.

ఇంకో రోజు పొద్దున్నే వాళ్లింటికి వెళితే, పెళ్లీడు కూతురున్న ఆలుమగలు వాకిట్లో ఎదురెదురుగా కూర్చుని, చెరొక చెంబు నీళ్లలో చెరొక గొట్టం పెట్టి బుడబుడమని బుడగలు ఊదుతున్నారు. బావ చేత్తో సైగ చేస్తున్నాడు, ఇంకా పొడుగ్గా, ఇంకా మెల్లగా అని. అక్క నన్ను చూడగానే గొట్టం తీసి చెంబు అవతల పెట్టింది.

"ఏం జేస్తున్నరక్కా?"

"మీ బావ పిచ్చి! ఊదకపోతే చాయ్ తాగనంటుండు. నేనేం జేయాలె?"

నాకు బావ మీద కోపం వచ్చింది. తన పిచ్చి తన వరకు ఉంచుకోవాలి గానీ, బంగారం లాంటి మా అక్కతో బుడగలు ఊదించడం ఏమిటి?

ఇంతలో బతుకమ్మ వచ్చింది. మా వాడకట్టులో పాట ఎత్తుకునేది మా అక్కే. పెళ్లయి వచ్చిన ఏడాది వాళ్ల అత్త పక్కన నిలబెట్టుకుని నేర్పింది, అత్త పోయాక తనే ఎత్తుకుంటోంది. అక్క ఒక వరుస పాడితే చుట్టూ తిరిగే ఆడవాళ్లంతా అందుకోవాలి. పెద్ద బతుకమ్మను నెత్తిన పెట్టుకుని కాలువ దాకా నడిచేది కూడా పాట ఎత్తుకునే మనిషే. మా అక్కకు నగలంటే మోజు లేదు, చీరలంటే మోజు లేదు. ఉన్నదల్లా ఆ ఒక్క సాయంత్రమే.

ఆ ఏడాది పక్కింటి రోజారాణి నా దుకాణం ముందే అడిగేసింది. "అరుణక్కా, నీ గొంతు ఎప్పటి లెక్క లేదు. ఈసారి పాట నేనెత్తుకుంటా, నువ్వు కుర్చీల కూసొని చూడరాదు."

అక్క మొహం మాడిపోయింది. "కుర్చీల కూసోనీకి నాకేమైంది? జలుబు చేసింది, గంతే. పాట నేనే ఎత్తుకుంటా."

"మల్ల నడుమ ఆగితే నలుగురిల బాగుండది అక్కా."

"ఆగినప్పుడు చూద్దాం!"

రోజారాణి వెళ్లాక అక్క చాలాసేపు ఖాళీ బస్తా మీద కూర్చుంది. నాకు చాలా బాధేసింది. ఆ పాట పోతే మా అక్కకు పండుగే లేదు. బావను పట్టుకుని చెప్పాను. "ఈ ఒక్క రోజు నీ గాలి లొల్లి బంద్ పెట్టు బావా. అక్క పరువు సంగతి."

బావ మీటరు తుడుచుకుంటూ, "నువ్వు ముందు నడుస్తవు కద?" అన్నాడు.

"ఆడోళ్ల బతుకమ్మ ముందు నేనెందుకు? నలుగురు ఏమనుకుంటరు?"

"బండకు సిగ్గెందుకు బామ్మర్ది?"

పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ సాయంత్రం, కొత్త చీరల ఆడవాళ్లందరి ముందు నేను నడిచాను. నా వెనక నెత్తిన పెద్ద పూల బతుకమ్మతో మా అక్క, ఆమె పక్కన మెడలో మీటరుతో బావ, వెనక రోజారాణి, మిగతా వాడకట్టంతా. రోడ్డంతా కిటకిటలాడుతోంది. బతుకమ్మలు కాలువలో వేసి తిరిగొస్తున్న జనం మాకు ఎదురు. డీజే మోత. ఎవరో చిచ్చుబుడ్లు కాలుస్తున్నారు, పొగ కమ్మేసింది.

"గోడ పట్టు! శిన్నగ!" అని వెనక నుంచి బావ.

ఇక ఓపిక నశించింది. ఈ రోజు కూడానా అని నాలుగు మాటలు అనేద్దామని గిర్రున వెనక్కి తిరిగాను. అప్పుడు చూశాను. అక్క కుడి చెయ్యి నెత్తి మీది తాంబాళాన్ని పట్టుకుని ఉంది. ఎడమ చెయ్యి గుప్పిట బిగించి, గుండె మీద రెండుసార్లు ఆనించింది.

మరుక్షణం బావ రోడ్డు మధ్యలో కూలబడి కేక వేశాడు. "ఆగుండ్రి! నా గాలి అయిపోయింది!"

ఊరేగింపంతా ఆగిపోయింది. "ఏంది భూమన్నా, పండుగ పూట సుతనా!" అని రోజారాణి నెత్తి కొట్టుకుంది. పోయేవాళ్లు, వచ్చేవాళ్లు చుట్టూ మూగి పగలబడి నవ్వారు. ఎవరో సెల్‌ఫోన్‌లో వీడియో కూడా తీశారు. అందరూ బావనే చూస్తున్నారు. నేనొక్కడినే అక్కను చూశాను. మూసి ఉన్న దుకాణం అరుగు మీద బతుకమ్మను పెట్టి, గోడ వైపు తిరిగి, నడుము దగ్గర కొంగులోంచి నీలిరంగు పంపు తీసింది. దమ్ము జబ్బున్నవాళ్లు నోట్లో కొట్టుకునేది. రెండుసార్లు కొట్టుకుంది. తర్వాత పెదాలు సున్నాలా చుట్టి, పొడుగ్గా, మెల్లగా, చెంబులో బుడగలు ఊదినట్టే ఊపిరి వదిలింది.

కాసేపటికి ఇటు తిరిగి, "లెవ్వయ్యా సిగ్గులేనోడా! ఎందరిల ఇజ్జత్ తీస్తవ్!" అని తిట్టి, బతుకమ్మను నెత్తికెత్తుకుంది. బావ లేచి పంచె దులుపుకున్నాడు. మీటరు చూశాడు. "నూట అరవై."

నేను ముందుకు తిరిగి నడిచాను. ఆ తర్వాత నాకు తగిలిన వాళ్లంతా క్షమించాలి. దారి ఇవ్వని మోటారు సైకిల్ ఒకటి కాలువలో పడిందంటారు గానీ అది అబద్ధం, గట్టు మీదే పడింది.

కాలువ పక్క మైదానంలో అక్క పాట ఎత్తుకుంది. వరుసలు పొట్టిగా పాడుతోంది, అందరూ అందుకున్నంతసేపూ మెల్లగా ఊపిరి వదులుతోంది. ఒకచోట గొంతు సన్నగిల్లింది. రోజారాణి తల తిప్పి చూసింది. నేను ఊపిరి బిగపట్టాను.

"నువ్వు బిగపట్టకు బామ్మర్ది," అన్నాడు పక్కనున్న బావ. "బిగపడ్తే ఊపిరితిత్తులు పగుల్తయ్."

అక్క ఒక అడుగు నెమ్మదించి, మళ్లీ అందుకుంది. ఈసారి గొంతు ఖంగుమంది. తిరుగుతూ మా ముందుకు వచ్చినప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టి, అంతా బాగుందన్నట్టు చూపించింది. బావ కూడా చూపించాడు. నేను కళ్లు తుడుచుకున్నాను. పొగ వల్ల అనుకుంటారేమో, పొగ వల్ల కాదు.

"ఎప్పటి సంది బావా?"

"రెండేండ్లయితున్నది."

"మాకు చెప్పకపోతివి?"

"చెప్తే ఏంజేస్తరు? కుర్చీల కూసోబెడ్తరు. డాక్టర్ నడువుమన్నడు, పాడుమన్నడు, అలసినప్పుడు ఆగుమన్నడు. ఆమె ఆగమంటే ఆగది. మొండిది. నేను ఆగితే తిట్టనీకైనా ఆగుతది."

"గా తిట్లు సుత ఇద్దరు మాట్లాడుకున్నయేనా?"

"లేదు లేదు. తిట్లు ఆమె సొంతం."

"మరి గా మీటరు?"

"ఇద్దరు కలిసి నీళ్లల్ల దిగినప్పుడు ఎవరి గాలి ముందు తగ్గుతదో వాళ్లదే లెక్క బామ్మర్ది. రెండోవాని దగ్గర ఎంతుంటే ఏం ఫాయిదా?"

పాట నడుమ ఆగకుండా పూర్తయింది. రోజారాణి వచ్చి, "జలుబుల గిట్ల పాడితే, జలుబు లేకపోతే మా గతేంది అక్కా!" అంది. అక్క మొహం చూడాలి అప్పుడు! బతుకమ్మను కాలువలో వదిలితే పూలు నీళ్ల వెంట నింపాదిగా సాగిపోయాయి.

"చూడు, అది కాళ్లు కొడుతున్నదా?" అన్నాడు బావ. ఆ క్షణంలో కూడా పాఠమే!

తిరిగి వచ్చేటప్పుడు జనం మాతో పాటే నడుస్తున్నారు కాబట్టి సులువుగానే ఉంది. కానీ మలుపు దగ్గర మళ్లీ చిచ్చుబుడ్లు. ఈసారి నేను ముందుకు తక్కువ, వెనక్కి ఎక్కువ చూస్తూ నడుస్తున్నాను. అక్క గుప్పిట గుండె మీదికి వెళ్లింది. బావ మోకాళ్లు పట్టుకుని వంగబోయాడు. ఇందాక పడినప్పుడు దెబ్బ తగిలినట్టుంది, కుంటుతున్నాడు.

ఆయన కంటే ముందు నేను రోడ్డు మధ్యలో దబ్బున కూలబడ్డాను.

"ఆగుండ్రి! నా గాలి అయిపోయింది!"

"అయ్యో అయ్యో," అంది రోజారాణి, "బామ్మర్దికి సుత అంటుకున్నదే!"

జనం నవ్వారు. వీడియో తీసేవాడు మళ్లీ తీశాడు. "ఇద్దరికి ఇద్దరే! మా తల్లిగారింట్ల సుత పిచ్చోళ్లేనా!" అని అక్క గోడ వైపు తిరిగింది. తిరిగే ముందు నన్ను ఒక్క క్షణం చూసింది. తిట్టు సగంలోనే ఆగిపోయి, చిన్నప్పటిలా నవ్వింది.

బావ నా ముందు గొంతుకూర్చుని, తన మెడలోని మీటరు తీసి నా మెడలో వేశాడు. ముల్లు సున్నా మీదే ఉంది.

"ఎంతున్నది బామ్మర్ది?"

నేను దాన్ని ఎత్తి, కళ్లు చిట్లించి, దాని మీదుగా అక్కను చూశాను. ఆమె భుజాలు మెల్లగా కిందికి దిగుతున్నాయి.

"యాభై," అన్నాను. "కొద్దిసేపు ఆగాలె."

ఆమె గాలి నిండాక బావ లేవమన్నాడు. నన్ను లేపడానికి మాత్రం నలుగురు పట్టారు, వాళ్లకే గాలి అయిపోయింది.